దిద్దిన జవాబుపత్రం: చూసే హక్కు వచ్చినా చూసే వీలేది?

గోల్‌బజార్ (ఖరగ్‌పూర్): పరీక్ష రాసిన విద్యార్థికి, దిద్దిన తన జవాబుపత్రాన్ని చూసుకునే హక్కు ఉన్నదని సుప్రీంకోర్టు 2011 ఆగస్టు 9న తీర్పు చెప్పింది. ఆ తీర్పునకు దారి తీసిన వ్యాజ్యాలలో ముఖ్యమైనవి ఈ పశ్చిమ బెంగాల్ రాష్ట్రంలోనే పుట్టాయి. నాటి నుంచి పదేళ్ళకు పైగా గడిచిపోయాయి. హక్కు చట్టపరంగా స్థిరపడింది. అయితే ఆ హక్కును వినియోగించుకుని ప్రయోజనం పొందగలిగే వ్యవధి, వసతి విద్యార్థులందరికీ సమానంగా దక్కుతున్నాయా అన్నది మాత్రం ప్రశ్నగానే మిగిలింది. ఖరగ్‌పూర్ పట్టణంలో ఈ ప్రశ్నకు రెండు వేర్వేరు సమాధానాలు లభిస్తాయి.

రైల్వే కాలనీల నడుమ ఉన్న గోల్‌బజార్ నుంచి ఒకవైపు కొద్ది కిలోమీటర్లు వెళితే హిజ్లీలో భారత సాంకేతిక విద్యాసంస్థ (ఐ.ఐ.టి.) ఆవరణ వస్తుంది. మరోవైపు రైలు పట్టాలు దాటి వెళితే ఇందా ప్రాంతంలో ఖరగ్‌పూర్ కళాశాల ఉన్నది. రెండు చోట్లా సెమిస్టర్ చివర పరీక్షలు జరుగుతాయి. రెండు చోట్లా అధ్యాపకులే ఎర్రసిరా కలంతో పత్రాలు దిద్దుతారు. కానీ దిద్దిన పత్రం మళ్ళీ విద్యార్థి కంటపడే తీరులో ఈ రెండు వ్యవస్థల మధ్య ఎంతో అంతరం ఉన్నది.

బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర జిల్లాల ప్రజలు ఇక్కడి రైల్వే కర్మాగారంలో పనికి వచ్చి స్థిరపడిన సంగతి విదితమే. తెలుగువారి సంఖ్యను దృష్టిలో ఉంచుకునే పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా కల్పించింది. ఇక్కడి రైల్వే కుటుంబాలలో డిగ్రీ పట్టా అంటే ఉద్యోగానికి తొలి మెట్టు. ఒక పేపరులో నాలుగైదు మార్కుల తేడాతో ఆనర్స్ తరగతి తప్పిపోయినా, పోస్టుగ్రాడ్యుయేట్ కోర్సులో సీటు చేజారినా ఆ నష్టం ఒక ఏడాదితో పోయేది కాదు. కనుక దిద్దిన జవాబుపత్రం చూడడమన్నది కేవలం కుతూహలానికి సంబంధించిన విషయం కాదు.

ఒకే పట్టణం, రెండు పద్ధతులు

హిజ్లీ నిర్బంధ శిబిరపు పాత భవనంలో ఆరంభమై, 1951 ఆగస్టు 18న మౌలానా అబుల్ కలాం ఆజాద్ చేతుల మీదుగా ప్రారంభోత్సవం జరుపుకున్న ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో, పాఠం చెప్పిన అధ్యాపకుడే ప్రశ్నపత్రం తయారు చేస్తాడు. ఆయనే, లేదా ఆయన పర్యవేక్షణలోని బృందమే పత్రాలు దిద్దుతుంది. మధ్యంతర పరీక్షకు 30, సెమిస్టర్ చివరి పరీక్షకు 50, తరగతి గది మదింపునకు 20 చొప్పున మార్కులు కేటాయించడం అక్కడ చిరకాలంగా అమలైన పద్ధతి. సంస్థ విద్యా క్యాలెండరులోనే, దిద్దిన జవాబుపత్రాలను విద్యార్థులకు చూపడానికి తేదీలు ప్రత్యేకంగా కేటాయించడం ఆనవాయితీ. విద్యార్థి వచ్చి తన పత్రం తిరగేసి చూసుకుంటాడు. కూడికలో పొరపాటు ఉన్నా, ఒక జవాబుకు మార్కు వేయకుండా పుట తిప్పేసినా అక్కడికక్కడే చెబుతాడు. ఆ తరువాతనే గ్రేడు ఖరారవుతుంది.

అనుబంధ కళాశాలల వ్యవస్థ తీరు వేరు. 1949లో స్థాపితమైన ఖరగ్‌పూర్ కళాశాల మొదట కలకత్తా విశ్వవిద్యాలయం పరిధిలో ఉండేది. 1981లో చట్టం ద్వారా ఏర్పడిన విద్యాసాగర్ విశ్వవిద్యాలయం పరిధిలోకి తరువాత వచ్చింది. కంసావతి నదికి ఆవలి ఒడ్డున మేదినీపూర్‌లో ఆ విశ్వవిద్యాలయ కేంద్రం ఉన్నది. దేశంలో ఎక్కడైనా అనుబంధ వ్యవస్థలో పాఠం చెప్పేది ఒకరు, ప్రశ్నపత్రం కూర్చేది మరొకరు, దిద్దేది ఇంకొకరు. పదుల సంఖ్యలో కళాశాలల నుంచి వచ్చిన పత్రాలు కలగలిసిపోయి, సంకేత సంఖ్యలతో పరీక్షకుల వద్దకు చేరతాయి. మార్కులు మాత్రమే తిరిగి వస్తాయి. పత్రం గిడ్డంగిలో ఉండిపోతుంది.

ఈ వ్యవస్థకు దాని కారణాలు దానికున్నాయి. పరీక్షకుడు ఎవరో విద్యార్థికి తెలియకూడదు, విద్యార్థి ఎవరో పరీక్షకునికి తెలియకూడదు అన్నది నిష్పాక్షికతకు రక్షణగా ఏర్పరచుకున్న నియమం. వేలాది పత్రాలను కొద్ది వారాలలో దిద్దించవలసిన బరువు విశ్వవిద్యాలయం మీద ఉంటుంది. అయితే పేర్లు దాచడానికి పుట్టిన గోప్యత, కాలక్రమంలో పత్రాన్నే దాచే గోప్యతగా మారిపోయింది. దీనినే విద్యార్థులు న్యాయస్థానాలలో సవాలు చేశారు.

1984 నుంచి 2011 దాకా

ఈ విషయంలో న్యాయస్థానాల వైఖరి మొదట విద్యార్థులకు అనుకూలంగా లేదు. మహారాష్ట్ర సెకండరీ, హయ్యర్ సెకండరీ బోర్డు పరీక్షలకు సంబంధించిన వ్యాజ్యంలో, జవాబుపత్రాలను పరిశీలించే అవకాశం విద్యార్థులకు ఇవ్వాలని బొంబాయి హైకోర్టు చెప్పగా, సుప్రీంకోర్టు 1984 జూలైలో దానిని తోసిపుచ్చింది. పరీక్షా ఫలితాలకు ఎక్కడో ఒక చోట ముగింపు ఉండాలని, లక్షలాది పత్రాలను చూపడం ఆచరణలో సాధ్యం కాదని, విద్యావిషయాలలో నిపుణులు రూపొందించిన నిబంధనలలో న్యాయస్థానాలు జోక్యం చేసుకోరాదని నాడు ధర్మాసనం అభిప్రాయపడింది. సుమారు పాతికేళ్ళ పాటు పరీక్షా సంస్థలకు ఆ తీర్పే కోటగోడ అయింది.

2005లో సమాచార హక్కు చట్టం రావడంతో పరిస్థితి మారింది. కలకత్తాలోని ప్రెసిడెన్సీ కళాశాలకు చెందిన గణిత శాస్త్ర విద్యార్థి ఒకరు తన జవాబుపత్రం చూపాలని ఈ చట్టం కింద కలకత్తా విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టుకున్నారు. విశ్వవిద్యాలయం నిరాకరించింది. ప్రీతమ్ రూజ్ కేసుగా ప్రసిద్ధమైన ఆ వ్యాజ్యంలో కలకత్తా హైకోర్టు 2008 మార్చిలో విద్యార్థికి అనుకూలంగా తీర్పు చెప్పింది. దానిపై విశ్వవిద్యాలయం చేసుకున్న అప్పీలును, పాఠశాల బోర్డులకు సంబంధించిన ఇతర వ్యాజ్యాలతో కలిపి విచారించిన డివిజన్ బెంచి 2009 ఫిబ్రవరి 5న ఆ తీర్పును సమర్థించింది.

ఈ వ్యాజ్యాలలోనే కేంద్రీయ మాధ్యమిక విద్యా మండలి (సి.బి.ఎస్.ఇ.) వారి 2008 నాటి పరీక్ష రాసిన ఆదిత్య బందోపాధ్యాయ కేసు కూడా ఉన్నది. సి.బి.ఎస్.ఇ., కలకత్తా విశ్వవిద్యాలయం తదితర సంస్థలు సుప్రీంకోర్టు గడప ఎక్కాయి. న్యాయమూర్తులు ఆర్.వి. రవీంద్రన్, ఎ.కె. పట్నాయక్‌లతో కూడిన ధర్మాసనం 2011 ఆగస్టు 9న వెలువరించిన తీర్పే నేటికీ ఈ విషయంలో ప్రమాణంగా నిలిచి ఉన్నది.

పరీక్షా సంస్థలు చేసిన ప్రధాన వాదన ఇది: పరీక్షకులు తమపై నమ్మకంతో ఇచ్చిన అభిప్రాయం తమ వద్ద ఉన్నది కనుక, విశ్వాస సంబంధంతో చేరిన సమాచారాన్ని వెల్లడించనక్కరలేదన్న 8(1)(ఇ) నిబంధన తమకు వర్తిస్తుంది. ధర్మాసనం దీనిని అంగీకరించలేదు. విద్యార్థి రాసినప్పుడు ఆ పత్రం అతని జవాబుల పత్రం. పరీక్షకుడు దిద్ది మార్కులు వేసిన తరువాత అది పరీక్షకుని అభిప్రాయాన్ని నమోదు చేసిన పత్రం. చట్టం ప్రకారం అభిప్రాయం కూడా సమాచారమే. పరీక్షకుడు సంస్థ తరఫున పని చేసే ప్రతినిధి మాత్రమే కనుక అతని పనిని సంస్థ తన పనిగానే భావించాలి. పైగా పత్రంలోని జవాబులు రాసిన వ్యక్తి నుంచే ఆ పత్రాన్ని దాచడానికి విశ్వాస సంబంధం సాకు కాజాలదు. ఇవీ ధర్మాసనం చూపిన కారణాల సారాంశం.

పత్రాలు చూపరాదన్న సి.బి.ఎస్.ఇ. సొంత నిబంధన సంగతేమిటన్న ప్రశ్న కూడా వచ్చింది. ఇతర నిబంధనలతో వైరుధ్యం ఏర్పడినప్పుడు సమాచార హక్కు చట్టానిదే పైచేయి అని ఆ చట్టంలోని 22వ సెక్షను చెబుతున్నది. 1984 నాటి తీర్పు ఈ చట్టానికి ముందుది కనుక అది అడ్డు రాదని ధర్మాసనం స్పష్టం చేసింది.

చూడవచ్చు, సరిదిద్దమనలేరు

అయితే ఈ తీర్పు ఇచ్చిన దానితో పాటు ఇవ్వనిది కూడా గమనించవలసి ఉన్నది. పత్రాన్ని చూడవచ్చు, ధ్రువీకరించిన నకలు పొందవచ్చు. అంతమాత్రాన మళ్ళీ దిద్దించమని అడిగే హక్కు వచ్చినట్లు కాదు. పునర్మూల్యాంకనం ఉండాలా వద్దా అన్నది ఆయా సంస్థల నిబంధనలను బట్టి ఉంటుంది. 2017 డిసెంబరులో ఉత్తరప్రదేశ్ ఉపాధ్యాయ నియామకాలకు సంబంధించిన రణ్ విజయ్ సింగ్ కేసులో కూడా సుప్రీంకోర్టు ఇదే సంగతి నొక్కి చెప్పింది. నిబంధనలలో లేనప్పుడు న్యాయస్థానాలు పునర్మూల్యాంకనానికి ఆదేశించడం అరుదైన, స్పష్టమైన సందర్భాలకే పరిమితం కావాలన్నది దాని సారాంశం.

పరీక్షకుల పేర్లు, సంతకాలు, గుర్తింపు సంఖ్యలు చూపనక్కరలేదని 2011 తీర్పులోనే ఉన్నది. పేర్లు బయటపడితే పరీక్షకుల భద్రతకు ముప్పు వాటిల్లవచ్చునని, అందువల్ల నకలు ఇచ్చేటప్పుడు ఆ భాగాలను కప్పివేయాలని ధర్మాసనం సూచించింది. మరో పరిమితి, పత్రాలను భద్రపరిచే గడువు. సంస్థ నిబంధన ప్రకారం పత్రాలను ఎంతకాలం దాచి ఉంచుతారో అంతవరకే ఈ హక్కు. సి.బి.ఎస్.ఇ. విషయంలో నాడు ఆ గడువు మూడు నెలలు మాత్రమే.

ఉద్యోగ నియామక పరీక్షల విషయంలో తీర్పుల బాట ఒకే దిక్కుగా సాగలేదు. సివిల్ సర్వీసు పరీక్ష మార్కులు, జవాబుపత్రాలను యాంత్రికంగా వెల్లడించమని ఆదేశించలేమని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అంగేశ్ కుమార్ కేసులో అభిప్రాయపడింది. అదే ఏడాది జూలైలో ఉత్తరప్రదేశ్ పబ్లిక్ సర్వీసు కమిషన్ కేసులో మాత్రం, అభ్యర్థి తన పత్రాన్ని తాను చూసుకోవడం ప్రజాహితానికి అనుకూలమేనని భావించి అందుకు అనుమతించింది. విశ్వవిద్యాలయ పరీక్షల వరకు 2011 తీర్పు చెక్కు చెదరలేదన్నది ఇక్కడ గమనార్హం.

తప్పులు నాలుగు రకాలు

చూసే హక్కు మాత్రమే ఉండి, దిద్దించే హక్కు లేకపోతే ప్రయోజనమేమిటన్న సందేహం సహజం. దీనికి సమాధానం కావాలంటే మార్కులలో తప్పులు ఎలా దొర్లుతాయో చూడాలి. మొదటిది కూడికలో పొరపాటు. రెండవది ఒక జవాబును, లేదా అదనంగా కట్టిన కాగితాన్ని గమనించక మార్కు వేయకపోవడం. మూడవది పత్రం మీది మార్కులను జాబితాలోకి, కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు తారుమారు కావడం. నాలుగవది జవాబు నాణ్యత గురించి పరీక్షకుని అంచనాతో విభేదించడం.

వీటిలో మొదటి మూడూ అభిప్రాయ భేదాలు కావు, శుద్ధ పొరపాట్లు. వీటిని పట్టుకోవడానికి పండితుడు అక్కరలేదు. తాను ఏ ప్రశ్నకు ఏమి రాశాడో తెలిసిన విద్యార్థి పత్రం చేతిలో పట్టుకుంటే పది నిమిషాలలో పట్టేస్తాడు. నాలుగవ రకానికి మాత్రమే రెండవ పరీక్షకుని అవసరం కలుగుతుంది. కనుక చూసే హక్కు, అది సకాలంలో దక్కిన పక్షంలో, పునర్మూల్యాంకనం జోలికి పోకుండానే అధిక భాగం అన్యాయాన్ని సరిచేయగలదు. సకాలంలో దక్కకపోతే మాత్రం ఆ హక్కు కాగితానికే పరిమితమవుతుంది.

రుసుము స్వల్పం, వ్యవధి సుదీర్ఘం

ఖర్చు సంగతి చూద్దాం. కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము రూ.10, నకలుకు పుటకు రూ.2. ముప్పయి పుటల జవాబుపత్రానికి మొత్తం రూ.70 అవుతుంది. పత్రం అక్కడే కూర్చుని చూసుకోదలిస్తే మొదటి గంటకు రుసుము లేదు, తరువాత గంటకు రూ.5. రాష్ట్రాలకు తమ సొంత నిబంధనలు ఉన్నాయి. ఈ చట్టం కింద అడిగితే భారం స్వల్పమే.

అయితే అనేక సంస్థలు తమ సొంత నిబంధనల కింద వేరే రుసుము నిర్ణయించుకున్నాయి. కంపెనీ సెక్రటరీల సంస్థ ధ్రువీకరించిన నకలుకు సబ్జెక్టుకు రూ.500 చొప్పున వసూలు చేయడంపై వచ్చిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. సంస్థ నిబంధన కింద కోరితే సంస్థ రుసుము, సమాచార హక్కు చట్టం కింద కోరితే చట్టం నిర్ణయించిన రుసుము వర్తిస్తాయని, ఏ దారి ఎంచుకోవాలన్నది అభ్యర్థి ఇష్టమని ధర్మాసనం తేల్చింది. రూ.70కి, రూ.500కు మధ్య తేడా ఉద్యోగస్తుని కుటుంబానికి పెద్దది కాకపోవచ్చు. నాలుగైదు పేపర్లలో సందేహం ఉన్న కూలీ కుటుంబపు విద్యార్థికి అది చిన్నది కాదు.

డబ్బు కన్నా కాలం పెద్ద అడ్డంకి. దరఖాస్తుకు సమాధానం ఇవ్వడానికి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. నిరాకరిస్తే మొదటి అప్పీలు చేసుకోవాలి. దానిని 30 రోజులలో, ఆలస్యమైతే 45 రోజులలో తేల్చాలి. అక్కడా ఫలితం లేకపోతే సమాచార కమిషనుకు రెండవ అప్పీలు. కమిషను ఎన్ని రోజులలో తీర్పు చెప్పాలో చట్టంలో గడువు లేదు. అంటే రెండవ అప్పీలు దాకా రాకముందే రెండున్నర నెలలు గడిచిపోతాయి. పత్రాలను మూడు నెలలు మాత్రమే దాచే సంస్థ అయితే, విద్యార్థి దరఖాస్తు పరుగు, పత్రం ఆయుష్షు పక్కపక్కనే పోటీ పడుతుంటాయి.

ఈ లోపల పోస్టుగ్రాడ్యుయేట్ ప్రవేశాలు ముగుస్తాయి. ఉద్యోగ ప్రకటనల గడువు తేదీలు దాటిపోతాయి. కలకత్తా విశ్వవిద్యాలయంలో ఫలితాల ప్రకటన తరువాత పరిశీలన, సమీక్ష అనే రెండు మార్గాలు ఉన్నాయి. దేశంలోని ఇతర విశ్వవిద్యాలయాలలో పునర్లెక్కింపు, పునర్మూల్యాంకనం అన్న పేర్లతో ఇటువంటివే ఉన్నాయి. అన్నింటికీ ఉమ్మడి లక్షణం ఒకటే. ఫలితం ప్రకటించిన తరువాతనే ఇవి మొదలవుతాయి. మార్కులు మారేసరికి, ఆ మార్కుల ఆధారంగా జరగవలసిన నిర్ణయాలు చాలావరకు జరిగిపోతాయి.

తెలంగాణ, ముంబయి అనుభవాలు

దిద్దిన పత్రం చూపకుండా ఫలితం ప్రకటించడం ఎంతటి విషాదానికి దారితీయగలదో 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు నిరూపించాయి. అవి విశ్వవిద్యాలయ పరీక్షలు కాకపోయినా పాఠం మాత్రం ఒకటే. ఏప్రిల్ 18న ఫలితాలు వెలువడగా, మార్కుల నమోదులో అనేక పొరపాట్లు జరిగినట్లు ఫిర్యాదులు వెల్లువెత్తాయి. తెలుగులో సున్నా వచ్చినట్లు చూపిన ఒక విద్యార్థినికి అసలు వచ్చినవి 99 మార్కులని తేలింది. ఫలితాల అనంతరం ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నట్లు వార్తలు వచ్చాయి. ప్రభుత్వం త్రిసభ్య సంఘాన్ని నియమించింది. తప్పినవారందరి పత్రాలను రుసుము లేకుండా తిరిగి పరిశీలించాలని ఆదేశించింది. ఆ పరిశీలనలో వెయ్యి మందికి పైగా విద్యార్థులు ఉత్తీర్ణులైనట్లు తేలింది.

సాధారణ పరిస్థితులలో ఆ రాష్ట్రంలో నాడు పునర్లెక్కింపుకు పేపరుకు రూ.100, జవాబుపత్రం నకలుతో కూడిన పునఃపరిశీలనకు రూ.600 రుసుము ఉండేది. సున్నాకు, తొంభై తొమ్మిదికి మధ్య తేడా విద్యావిషయకమైన వివాదం కాదు. పైన చెప్పిన మూడవ రకం పొరపాటు. ఫలితానికి ముందు ఆ విద్యార్థిని కంట ఆ పత్రం పడి ఉంటే క్షణంలో తేలిపోయేది.

ముంబయి విశ్వవిద్యాలయం 2017లో మరో దారి పట్టింది. జవాబుపత్రాలను స్కాన్ చేసి కంప్యూటరు తెరపై దిద్దించే పద్ధతిని తగిన సన్నాహం లేకుండా ఒక్కసారిగా ప్రవేశపెట్టింది. దాదాపు 17 లక్షల పత్రాల మూల్యాంకనం తడబడి, జూలై 31లోగా ఫలితాలు ప్రకటించాలన్న గవర్నరు ఆదేశం నెరవేరలేదు. ఉన్నత విద్యకు విదేశాలకు, ఇతర విశ్వవిద్యాలయాలకు వెళ్ళవలసిన విద్యార్థులు చిక్కులలో పడ్డారు. ఆ ఏడాది అక్టోబరులో గవర్నరు ఉపకులపతిని పదవి నుంచి తొలగించారు. యంత్రం వచ్చినంత మాత్రాన మూల్యాంకనం బాగుపడదని ఆ ఉదంతం చాటింది. అయితే అదే స్కానింగు సక్రమంగా జరిగిన చోట, పత్రాన్ని విద్యార్థికి చూపడానికి ఇక గిడ్డంగిలో వెదకవలసిన పని ఉండదన్న సంగతి కూడా మరువరాదు.

విదేశాలలో పరిస్థితి

ఈ సమస్య భారతదేశానికే పరిమితమైనది కాదు. ఐర్లండులో చార్టర్డ్ అకౌంటెంటు శిక్షణ పొందుతూ పరీక్ష తప్పిన ఒక అభ్యర్థి తన పత్రం కోరగా సంస్థ నిరాకరించింది. నొవాక్ కేసుగా పేరుపొందిన ఆ వ్యాజ్యం యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్ళింది. అభ్యర్థి రాసిన జవాబులు, వాటిపై పరీక్షకుడు రాసిన వ్యాఖ్యలు ఆ అభ్యర్థి వ్యక్తిగత సమాచారం కిందికే వస్తాయని 2017 డిసెంబరు 20న ఆ న్యాయస్థానం తీర్పు చెప్పింది. అయితే ఈ హక్కును అడ్డం పెట్టుకుని తప్పు జవాబులను పరీక్ష తరువాత సరిదిద్దుకోరాదని కూడా స్పష్టం చేసింది. మన సుప్రీంకోర్టు ఆరేళ్ళ ముందు వేరే చట్టం ఆధారంగా చెప్పినదానికి ఇది దగ్గరగా ఉండడం విశేషం.

అమెరికాలో 1974 నాటి చట్టం విద్యార్థికి తన విద్యా సంబంధమైన రికార్డులను పరిశీలించే హక్కు ఇచ్చింది. కోరిన 45 రోజులలోగా సంస్థ చూపాలి. జర్మనీ విశ్వవిద్యాలయాలలో దిద్దిన పరీక్షా పత్రాలను విద్యార్థులు వచ్చి చూసుకోవడానికి ఒక తేదీని ప్రకటించడం మామూలు. అక్కడ విద్యార్థులు న్యాయస్థానానికి వెళ్ళనక్కరలేదు, దరఖాస్తు ముసాయిదా వెదకనక్కరలేదు. నోటీసు బోర్డులో గది సంఖ్య, సమయం చూసుకుంటే చాలు. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో జరుగుతున్నది కూడా ఇటువంటిదే.

అభ్యంతరాలు ఎంతవరకు సబబు?

పరీక్షా విభాగాల అభ్యంతరాలను కొట్టివేయడానికి వీలులేదు. పదుల సంఖ్యలో కళాశాలల నుంచి వచ్చిన పత్రాలను చూపడమంటే మాటలు కాదు. సెమిస్టర్ పద్ధతి వచ్చిన తరువాత ఏడాదికి ఒక పరీక్ష స్థానంలో రెండు వచ్చాయి. పరీక్షల విభాగాలలో సిబ్బంది కొరత ఉన్నది. ప్రతి విద్యార్థీ ప్రతి అర మార్కుకూ వాదనకు దిగితే అధ్యాపకులు పాఠాలు చెప్పేదెప్పుడన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. సమాచారం కోసం విచక్షణ లేని డిమాండ్లు పాలనాయంత్రాంగాన్ని స్తంభింపజేయరాదని 2011 తీర్పులో సుప్రీంకోర్టు కూడా హెచ్చరించిన సంగతి ఇక్కడ పేర్కొనదగినది.

అయితే ఇంతకన్నా పెద్ద సంఖ్యలో అభ్యర్థులు రాసే పరీక్షలలో ఈ పని జరుగుతూనే ఉన్నది. ఈ గోల్‌బజార్ యువకులకు రైల్వే నియామక పరీక్షలు సుపరిచితం. కంప్యూటరు ద్వారా జరిగే ఆ పరీక్షల తరువాత అభ్యర్థి గుర్తించిన జవాబులను, బోర్డు వారి సరైన జవాబుల పట్టికను ఫలితాలకు ముందే తెరపై చూపుతున్నారు. ప్రశ్నకు రూ.50 చొప్పున చెల్లించి అభ్యంతరం తెలుపవచ్చు. అభ్యంతరం నిజమని తేలితే ఆ సొమ్ము తిరిగి ఇస్తారు. ఇంజనీరింగు ప్రవేశానికి జరిగే జె.ఇ.ఇ. మెయిన్‌లోనూ అభ్యర్థి జవాబులను ఫలితానికి ముందు చూపే పద్ధతి ఉన్నది. అక్కడ అభ్యంతర రుసుము ప్రశ్నకు రూ.200, అది తిరిగి రాదు.

అవి సరైన జవాబును ఎంచుకునే పరీక్షలు, ఇవి వ్యాసాలు రాసే పరీక్షలు అన్న తేడా ఉన్నమాట నిజం. కానీ కూడిక, వదిలివేసిన పుట, నమోదు పొరపాటు అన్నవి వ్యాసరూప పరీక్షలలోనే మరింత ఎక్కువగా జరిగే అవకాశం ఉన్నది. కనుక ముందుగా చూపవలసిన అవసరం ఇక్కడే ఎక్కువ. డిగ్రీలో చేరేముందు, డిగ్రీ పూర్తయిన తరువాత రాసే పరీక్షలలో తన జవాబులు చూసుకోగలిగే యువకుడు, ఆ నడుమ చదివిన డిగ్రీ పరీక్షలలో మాత్రం చూసుకోలేకపోవడం వింత పరిస్థితి.

చేయవలసినది

సమస్యకు పరిష్కారం కొత్త చట్టంలో లేదు. ఉన్న హక్కును ఫలితానికి ముందుకు జరపడంలోనే ఉన్నది. పేపరు వారీగా మూల్యాంకనం పూర్తికాగానే, పరీక్షకుని గుర్తులు కప్పివేసి, పత్రాలను ఆయా కళాశాలలకే పంపి ఒకటి రెండు రోజులు విద్యార్థులకు చూపవచ్చు. లేదా స్కాన్ చేసిన ప్రతిని వారి హాలుటిక్కెట్టు సంఖ్యతో తెరపై ఉంచవచ్చు. మొదటి మూడు రకాల పొరపాట్లపై మాత్రమే, రుసుము లేకుండా, ఒక పుట నమూనాలో అభ్యంతరం స్వీకరించవచ్చు. అంచనా విషయంలో విభేదించేవారికి రుసుముతో కూడిన పునర్మూల్యాంకనం ఎలాగూ ఉన్నది. రుసుమును అభ్యంతరం నెగ్గితే తిరిగి ఇచ్చే పద్ధతి పెడితే అర మార్కు వాదనలు తగ్గుతాయి, నిజమైన ఫిర్యాదులు నిలుస్తాయి.

దీనివల్ల ఫలితాలు పది, పదిహేను రోజులు ఆలస్యం కావచ్చు. ప్రవేశాల తేదీలను అందుకు తగినట్లు సర్దవలసి ఉంటుంది. కానీ ఫలితాల తరువాత నెలల తరబడి సాగే దరఖాస్తులు, అప్పీళ్ళు, వ్యాజ్యాలతో పోలిస్తే ఆ ఆలస్యం లెక్కలోనిది కాదు. పరీక్షకునికి కూడా ఇది మేలు చేస్తుంది. తాను దిద్దిన పత్రం విద్యార్థి చూస్తాడని తెలిసిన పరీక్షకుడు మరింత శ్రద్ధగా పుటలు తిప్పుతాడు. ఈ శ్రద్ధను ఎటువంటి తనిఖీ బృందమూ తీసుకురాలేదు.

2011లో సుప్రీంకోర్టు గెలిపించిన విద్యార్థులు మూడేళ్ళకు పైగా న్యాయస్థానాల చుట్టూ తిరిగారు. అంతటి ఓపిక, అండ అందరికీ ఉండవు. హిజ్లీలోని విద్యార్థి ఒక మధ్యాహ్నం తరగతి గదికి వెళ్ళి చేసుకురాగలిగిన పనిని, పట్టాలకు అవతల చదువుకునే విద్యార్థి కూడా ఒక మధ్యాహ్నంలో చేసుకోగలిగిన రోజున ఆ తీర్పు పూర్తిగా అమలైనట్లు భావించవచ్చు. అందుకు విశ్వవిద్యాలయాలు తమ పరీక్షల క్యాలెండరులో ఒకే ఒక్క పంక్తి చేర్చవలసి ఉన్నది: జవాబుపత్రాలు చూపు తేదీ.